కల్లంలో కారు

కల్లూరు,
జనవరి 19

గోరి పెయింటింగ్ వర్క్స్ (పినపాక) యజమాని బానోతు హీరాలాల్ గారికి,

నమస్కారం. మీ బిల్లు వెనకాల "ఫిర్యాదులు కాగితం మీద రాసి పంపవలెను. ఫోన్‌లో అరిచినచో జవాబు ఉండదు" అని అచ్చువేసి ఉంది. అందుకే రాస్తున్నాను. ఫోన్‌లో అరవడం నాకు ఎలాగూ రాదు.

మాది ఫైబర్ బాడీ కారు. రెండు తలుపులు, మీగడ రంగు. ఎనభై ఆరులో తాతయ్య కొన్నారు. తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఖమ్మంలో నలుగురు పెయింటర్లు "ఇనుమైతే చేస్తాం" అని తిప్పి పంపితే, మీరొక్కరే "తెండి, చూద్దాం" అన్నారు. అక్టోబరులో నాన్న మీ దగ్గర పాత రంగు తీయించి కొత్తది వేయించుకొచ్చారు. వచ్చిన రోజు అద్దంలా ఉంది. ఈ నెల ఎండ తగిలాక బానెట్ మీద పొక్కులు లేచాయి, అప్పడం కాల్చినప్పుడు లేచినట్టు.

మార్చి 31 లోపల కారుకి మళ్ళీ రిజిస్ట్రేషన్ కావాలి. ఈ వాలకంతో వెళితే ఆర్టీవో ఆఫీసు గేటు దగ్గరే తిప్పి పంపుతారు. అప్పుడు నాన్న చేయబోయేది ఇది: "బండి పాసు కాకపోతే బాడీ పీకి, తిరగేసి, గేదెలకి కుడితి తొట్టి చేస్తా. ఫైబరు గదా, తుప్పు పట్టదు." ఆయన ఊరికే అనే మనిషి కాదు. తొట్టికి చోటు కూడా చూశారు.

నాకు ఆ కారు కావాలి. తల్లాడలో ప్రభుత్వ ఉద్యోగం చేస్తున్నాను. రోజూ బస్సు. గుమ్మంలో నిలబడ్డవాళ్ళని "కొంచెం జరగండి" అనలేక, దిగాల్సిన తల్లాడ దాటిపోయి రెండుసార్లు వైరా దాకా వెళ్ళాను.

ఏం చేయాలో తెలుపగలరు.

ఇట్లు,
మా నాన్న వెంకటప్పయ్య గారి తరఫున,
నాగలత

తా.క. మీ బిల్లులో "అద్దం లాంటి ఫినిషింగు" అని ఉంది. అద్దం పొంగదు.


పినపాక,
జనవరి 24

మేడమ్ గారికి హీరాలాల్ దండం పెట్టి రాసేది. ఇక్కడ మేమందరం మంచిగున్నం. అక్కడ కారు తప్ప మిగతా అందరు మంచిగున్నరని తలుస్త.

మేడమ్, ఇరవై ఏండ్లల్ల నా చేతి మీద రెండు వందల లారీలకు రంగు పడ్డది. అన్ని బొగ్గు లారీలే. ఒక్కదానికి పొక్కు లేవలే. గందుకే తప్పు రంగుల లేదు. మరి ఏడుంది? కారు ఏడ పెడుతున్నరు? చింతచెట్టు కిందనా? అయితే పులుపు కారుతది. మిర్చి కల్లం పక్కకా? ఆ ఘాటుకు మనిషికే మంట, రంగుకు ఉండదా? ఎవలన్న చూసి "అబ్బ, ఏం మెరుస్తుంది" అన్నరా? అంటే దిష్టి.

మీరొక పని చెయ్యిండ్రి. పొక్కులు ఎన్ని, ఏడేడ, ఎంతెంత, అన్ని రాసి పంపుండ్రి. అప్పుడు నేను ఆలోచిస్త.

ఉంట మరి,
హీరాలాల్

తా.క. కుడితి తొట్టి మాత్రం వద్దని మీ నాయినకు చెప్పుండ్రి. నా రంగు గేదెల కడుపులకు పోతే ఆ పాపం నాకెందుకు?


కల్లూరు,
జనవరి 30

హీరాలాల్ గారికి,

నమస్కారం. మీ ఉత్తరం 27న అందినది. నమోదు చేసుకున్నాను.

కారు రేకుల షెడ్డులో ఉంటుంది. మధ్యాహ్నం నుంచి ముందువైపు ఎండ పడుతుంది. చింతచెట్టు లేదు. కల్లం రెండు వందల అడుగుల దూరం. "మెరుస్తుంది" అన్నవారు ఒక్కరే, పాలు పోసే గోపాలు. ఆయనకి రెండు కళ్ళకీ శుక్లాలు.

మీరు అడిగినట్టు పొక్కులు లెక్కపెట్టాను. బానెట్ 61, పైకప్పు 47, కుడి తలుపు 17, నీడలో ఉండే ఎడమ తలుపు 2. మొత్తం 127. ఒక్కోదాని పక్కన టేపు ముక్క అంటించి నంబరు వేశాను. కొలతలు అనుబంధంలో ఉన్నాయి. నకలు నా దగ్గర ఉంది.

అన్నిటికన్నా పెద్దది 27వది, రూపాయి బిళ్ళంత. దాన్ని సూదితో గుచ్చాను. ఒక చుక్క నీళ్ళు వచ్చాయి. పులిసిన వాసన. రంగు కింద ఆ నీటిచుక్క ఎక్కడి నుంచి వచ్చింది? నాకున్న ప్రశ్న ఇదొక్కటే.

జవాబు కోసం చూస్తూ,
నాగలత

తా.క. ఈ కాగితం మడుస్తుండగా 128వది లేచింది. అనుబంధంలో దిద్దాను.


పినపాక,
ఫిబ్రవరి 4

మేడమ్ గారి దివ్యసముఖమునకు,

హీరాలాల్ రెండు చేతులు జోడించి రాసేది. ఇరవై ఏండ్లసంది "లెక్కపెట్టి రాసి పంపుండ్రి" అని అందరికి చెప్తున్న. అట్లంటే మల్ల ఎవ్వరు రాయరు. నిజంగ లెక్కపెట్టినోళ్ళు మీరే మొదలు.

నమోదు. అనుబంధం. నకలు. ఇవి చూసినంక మీరెవరో నాకు సమజైంది. ఏ కోర్టో, ఏ కమిషనో, నేను పేరు తియ్య. నా భార్య గోరి గూడ అదే అన్నది: "పైనోళ్ళు తిట్టరు, మర్యాదగ రాస్తరు, లెక్కపెడ్తరు." అంత పెద్ద ఆఫీసరు మామూలు మనిషి లెక్క బస్సుల వైరా దాక ఎందుకు పోయిండ్రో నేను అడగ. ఎవ్వరికి చెప్ప.

నీటిచుక్క సంగతి అడిగిండ్రు. మేము గోదారి పక్కన ఉండేటోళ్ళం మేడమ్. నీళ్ళు ఏడికెళ్ళి వస్తయో ఎవలు చెప్పగలరు?

బస్సు డ్రైవరు చేతికి ఒక సీసా ఇచ్చి పంపుతున్న. నా మనసు తృప్తి కోసం. పొద్దుపొద్దున్నే పలుచగ వాడుండ్రి. వేడి గుంజుతది, మెరుపు వస్తది.

మీ దయ కోరేటోడు,
బానోతు హీరాలాల్

తా.క. అనుబంధంల 27, 47, 17 అని ఉన్నకాడ ఏడుకు నడుము మీద గీత కొట్టి ఉంది. కొట్టేసినట్టా, ఉన్నట్టా? కొట్టేసినట్టైతే నాకు శానా పొక్కులు తగ్గుతయి.


కల్లూరు,
ఫిబ్రవరి 11

హీరాలాల్ గారికి,

నమస్కారం. అది ఏడే. కొట్టివేత కాదు. కాన్వెంటులో మా సిస్టర్లు అలా నేర్పారు. ఒకటిని చూసి ఏడనుకోకుండా ఉండటానికట.

నేనెవరో తెలిసిందన్నారు. తెలుసుకోవలసినంత ఏమీ లేదు.

సీసా అందింది. దాని మీద "వార్నిష్" అని ఉంది. లోపల చిక్కటి గోధుమ రంగు ద్రవం. మీరు చెప్పినట్టే ఆదివారం పొద్దున్నే, పల్చగా, మల్లు గుడ్డతో, బానెట్ అంతా పూశాను. మెరుపు వచ్చింది. తొమ్మిదింటికి చీమలు వచ్చాయి. పదింటికి వాటి బంధువులు వచ్చాయి. పదకొండింటికి తేనెటీగలు వచ్చాయి. అమ్మ గుమ్మంలోంచే చెయ్యి చాపి, సీసా మూత దగ్గర వేలు పెట్టి నాకి, "ఓసినీ, ఇది అడవి తేనె!" అంది.

నాన్న పైపు పెట్టి గంటసేపు కడిగారు. చీమలు పోలేదు. సాయంత్రం మళ్ళీ కడిగారు. మర్నాడు మళ్ళీ.

ఇప్పుడు పొక్కులు 204.

అయితే ఒకటి తెలిసింది. కొత్తవన్నీ 27వదాని చుట్టూ, ఆ తర్వాత నేను సూదితో గుచ్చి చూసిన మిగతా వాటి చుట్టూనే లేచాయి. అంటే ఆ చిల్లుల్లోంచి నీళ్ళు లోపలికి పోయాయి. పోయిన నీళ్ళు బయటికి రావడం లేదు. కాబట్టి అక్టోబరులో మీరు ఏమేం చేశారో వరసగా రాయండి. ఏదీ వదిలిపెట్టవద్దు.

గడువుకి ఇంకా నలభై ఎనిమిది రోజులు ఉన్నాయి.

ఇట్లు,
నాగలత

తా.క. తేనె చాలా బాగుంది. బానెట్ మీది సంగతి కాదు, సీసాలో మిగిలినదాని సంగతి.


పినపాక,
ఫిబ్రవరి 16

మేడమ్!

అయ్యో, అది మీరు తాగాలని పంపిన తేనె! మా తండా పక్క అడవిల పట్టింది. పెయింటర్ ఇంట్ల ఖాళీ సీసాలంటే వార్నిషువే ఉంటయి గద! గోరి నన్ను పొద్దటిసంది తిడుతనే ఉంది: "ఆఫీసరు కారుకు చీమలు పట్టిచ్చినవ్, నీకు జైలే." ఇది గూడ అనుబంధంల ఎక్కిందా?

మీరు అడిగినట్టు వరసగ రాస్తున్న. లారీకి ఎట్ల చేస్తనో గట్లనే చేసిన. పాత రంగుకు రిమూవర్ పూసిన. అది మెత్తగైనంక గీకిన. వాటర్ పేపర్ తీసుకొని నీళ్ళు పోసుకుంట, పోసుకుంట నున్నగ రుద్దిన. ప్రైమర్ కొట్టిన. రంగు కొట్టిన. మీ నాయినకు తాళం ఇచ్చిన. గంతే. నేను దాచిందేం లేదు.

భయంతోటి,
హీరాలాల్

తా.క. ఎన్ని దినాలు ఆరబెట్టిన అనేది మీరు అడగలే, నేను రాయలే.


కల్లూరు,
ఫిబ్రవరి 21

హీరాలాల్ గారికి,

నమస్కారం. ఆరబెట్టిన రోజుల సంగతి నేను అడగలేదు. నాన్న అడక్కుండానే పట్టేశారు.

మీ ఉత్తరం కల్లంలో కూర్చుని చదువుతున్నాను. నాన్న మిరపకాయలు తిరగేస్తూ విన్నారు. "నీళ్ళు పోసుకుంట రుద్దిన" అన్నచోట పార ఆపేశారు.

"మళ్ళీ చదువు," అన్నారు. చదివాను.

"రంగు సంగతి నాకు తెలవదు. కాయ సంగతి తెలుసు. పచ్చి ఆరకుండా బస్తాకెత్తి కుడితే ఏమైద్ది? లోపలి చెమ్మ ఎటు పోవాలో తెలవక కాయని తినేసిద్ది. నీ కారూ అంతే. ఇనుము నీళ్ళు తాగదమ్మా. ఇది పీచు. పీచు తాగిద్ది. ఆయన తాగబోసి, పైన రంగేసి మూతి కుట్టేశాడు. ఎండకి లోపల నీళ్ళు ఆవిరైతే పొంగక ఏం చేసిద్ది?"

పుస్తకాల్లో వారం రోజులు వెతికిన జవాబు ఇది. నాన్నకి పార ఆపినంతసేపు పట్టింది.

ఆయన దగ్గర పరీక్ష కూడా ఉంది. గుప్పెడు కాయలు పాలిథిన్ కవరులో కట్టి ఎండలో పెడతారు. కవరు లోపల చెమట పడితే బస్తాకి పనికిరాదు. మేము బాడీకి పదహారు బోల్టులు విప్పాం. ఆరుగురం కలిసి ఎత్తితే లేచింది. కల్లంలో మిర్చి మధ్య పెట్టి, పొడి గరుకు కాగితంతో మీ రంగంతా గీకేశాం. బానెట్ మీద కవరు పరిచి చుట్టూ టేపు వేశాం. మధ్యాహ్నానికి కవరు లోపల చెమట కారింది, దోసె మీద మూతకి కారినట్టు.

ఇప్పుడు కాయలు తిరగేసినప్పుడల్లా కారునీ తిరగేస్తున్నారు. దారినపోయేవాళ్ళు ఆగుతున్నారు. "ఇదేం పంట వెంకటప్పయ్యా?" అని ఒకాయన అడిగితే నాన్న, "నాటు రకం. నలభై ఏళ్ళకి ఒక్క కాపు," అన్నారు.

కవరుకి చెమట పట్టని రోజు రాస్తాను. మీరే వచ్చి రంగు వేయాలి. రిమూవర్ వద్దు. నీళ్ళు అసలే వద్దు.

ఇట్లు,
నాగలత

తా.క. నాన్న కుడితి తొట్టి మాట ఎత్తడం లేదు. గేదెలు కల్లం వైపు చూస్తే కర్ర తీస్తున్నారు.


కల్లూరు,
మార్చి 15

హీరాలాల్ గారికి,

కవరు మూడు రోజులుగా పొడిగా ఉంది. రండి.

నాగలత


పినపాక,
మార్చి 17

మేడమ్ గారికి,

19 నాడు మొదటి బస్సుకు వస్తున్న. గన్ను, కంప్రెసరు, రెండు డబ్బాలు కలిపి కొట్టే మంచి ప్రైమరు తెస్తున్న. అది పీచు రంధ్రాలను మూస్తదట, అడిగి తెలుసుకున్న. అయిదు దినాలు మీ కాడనే ఉంట.

ఒక్కటే మనవి. నేను పని చేసేటప్పుడు మీరు ఎదురుగ ఉండొద్దు. లెక్కపెట్టే మనిషి ముంగట నాకు పని సాగదు.

హీరాలాల్

తా.క. ఈసారి తేనె స్టీలు డబ్బాల తెస్తున్న.


కల్లూరు,
మార్చి 31

హీరాలాల్ గారికి,

నమస్కారం. ముందు శుభవార్త. నిన్న కారు పాసైంది. మరో అయిదేళ్ళు.

ఎలా జరిగిందో మీరు వినాలి. ఇన్‌స్పెక్టరు గారు పైకప్పు మీద వేళ్ళతో కొట్టి చూశారు. "ఫైబరా? ఫైబరుకి రంగు నిలవదమ్మా. నాలుగు రోజులు పోతే పొంగుద్ది. వచ్చే నెల రా, అప్పుడు చూద్దాం," అన్నారు. నా వెనకాల పదకొండు లారీలు ఉన్నాయి. మామూలుగా అయితే తల ఊపి వచ్చేసేదాన్ని.

"పొంగదండీ," అన్నాను.

ఆయన తల ఎత్తారు. నేను కూడా ఎవరన్నారా అని చూశాను.

"ఇరవై నాలుగు రోజులు మిర్చి కల్లంలో ఆరింది. రోజూ తిరగేశాం. ఏడు చోట్ల పరీక్ష చేశాం. మీరూ చేయండి," అని సంచిలోంచి కవరు, టేపు తీసి బానెట్ మీద నేనే అంటించాను. మిట్టమధ్యాహ్నం. గంటసేపు ఎండలో నిలబడ్డాను. లారీ డ్రైవర్లందరూ చుట్టూ చేరారు. ఇన్‌స్పెక్టరు గారు వచ్చి కవరు పీకి, వేలితో తుడిచి, వేలు చూసుకున్నారు. పొడి. ఆ వేలితోనే పెన్ను పట్టుకుని సంతకం చేశారు.

బయటికి వస్తుంటే డ్రైవర్లు ఇంకా కారు చుట్టూ నిలబడి రంగు తడుముతున్నారు. దారి లేదు. కిటికీలోంచి తల బయటికి పెట్టి, "కొంచెం జరగండి," అన్నాను. జరిగారు, హీరాలాల్ గారూ. అందరూ జరిగారు.

ఇక రెండో సంగతి. ఇది రాయడానికి నాకు కవరు పరీక్ష కన్నా ఎక్కువ ధైర్యం కావలసి వచ్చింది.

19న మీరు వచ్చి, కల్లం దగ్గర నిలబడ్డ అమ్మాయిని "మేడమ్ ఏరి బిడ్డా? మీ అక్కనా?" అని అడిగారు. ఆ అమ్మాయి "లేరు" అంది. నాన్న అటు తిరిగి మిరపకాయలు ఏరుతూ భుజాలు కదిలేలా నవ్వారు. అయిదు రోజులు మీకు చాయ్ తెచ్చింది ఆ అమ్మాయే. మీరు ఆమెకి అన్నీ చెప్పారు. అదివరకు ఫైబరు కారు ఒక్కటి కూడా చేయలేదని. అక్టోబరులో నాలుగు రోజులు ముసురు పట్టిందని, బాడీని ఒక్క పూట బల్బు కింద ఆరబెట్టి రంగు కొట్టేశారని. "నీళ్ళ చుక్క అని ఆ మేడమ్ రాసిననాడే నాకు తెలిసింది బిడ్డా, రాసేదానికి చెయ్యి రాలే," అన్నారు. మనుషులు ఎదురుగానైనా ఫోన్‌లోనైనా అరిస్తే మీకు మాట రాదని, అందుకే బిల్లు వెనకాల ఆ ముక్క అచ్చువేయించారని కూడా చెప్పారు.

ఆ అమ్మాయిని నేనే. నేను ఏ కోర్టు మనిషినీ కాను. తల్లాడ శాఖా గ్రంథాలయంలో పనిచేస్తాను. నమోదు చేయడం, నంబరు వేయడం నా అలవాటు, పుస్తకాలకి అదే చేస్తాను. "లేరు" అనడం అబద్ధం. అప్పటికి నోట్లోంచి వచ్చిన మాట అదొక్కటే.

మీరు నమ్మి చెప్పినవి మోసపోయి చెప్పినట్టయింది. క్షమించండి.

ఇట్లు,
నాగలత

తా.క. పొక్కులు: సున్నా. అనుబంధం జతపరచలేదు.


పినపాక,
ఏప్రిల్ 5

నాగలత మేడమ్‌కు హీరాలాల్ సంతోషంగ రాసేది.

కారు పాసైన కబురు చదివి గోరి వీధంతా చెప్పొచ్చింది. ఇగ నాకు జైలు లేదని గూడ చెప్పిందట. అసలు నాకు జైలుందని వీధికి అప్పుడే తెలిసింది.

క్షమించమని రాసిండ్రు. మీరు నన్ను మోసం చేసేటంత టైము నేను మీకు ఇయ్యలే మేడమ్. మొదటి దినం పని షురూ చేసే ముందు మీరు బాడీ మీద ఏడు చోట్ల కవర్లు అంటిచ్చిండ్రు. టేపు మీద నంబర్లు రాసుకుంట వచ్చిండ్రు. ఏడోది రాసి, నడుము మీద గీత కొట్టిండ్రు. నా చేతుల గన్ను ఆగింది. గీ బక్కపిల్లనా రెండు నెలలు నాకు అన్నం సయించకుంట చేసింది అనుకున్న!

మరి తెలిసి గూడ ఎందుకు చెప్పిన అంటరా? తప్పు చేసిన అని మేడమ్‌కు రాద్దామంటే చెయ్యి రాలే. ఎదురుగ చెప్దామంటే నోరు రాదు. ఇంతల మీరే మీరు లేరన్నరు. లేని మనిషికి చెప్పుడు అల్కగుంటది. అందుకే అయిదు దినాలు, రోజుకు మూడు చాయ్‌లు తాగుకుంట, మేడమ్‌కు చెప్పాల్సినయన్ని మేడమ్‌కే చెప్పిన. మీ నాయినకు గూడ తెలుసు. ఆయన నవ్వింది మిమ్ములను చూసి కాదు, ఇద్దరిని చూసి.

ఇంకో ముచ్చట. మొన్న భద్రాచలం నుంచి భద్రయ్య అని ఒకాయన ఫైబరు పడవ పట్టుకొచ్చిండు. పొక్కులు. నాలుగు దినాలల్ల రంగేసి ఇయ్యమన్నడు. నెల రోజులు ఎండ తాకాలె అన్న. "పడవ నీళ్ళల్ల ఉండేదే గదయ్యా, ఆరబెట్టుడేంది, నీకు పనొస్తదా రాదా?" అని మీదికొచ్చి అరిచిండు. నేను గూడ అరిచిన మేడమ్! "పీచు నీళ్ళు తాగుతది, కవరు ఏసి చూపిస్త, ఆగు!" అని అరిచిన. వీధిల ఎవలో కొట్టుకుంటున్నరని గోరి ఉరికొచ్చింది. చూస్తే నేనే.

పడవ ఇప్పుడు మా వాకిట్ల బోర్లపడి ఆరుతుంది. భద్రయ్య రోజు వచ్చి తిరగేసి పోతుండు.

తల్లాడ దిక్కు వస్తే మీ లైబ్రరీకి వస్త. అక్కడ మాట్లాడొద్దని రాసి ఉంటదట గద. మనిద్దరికి మంచిగుంటది.

మీ పెయింటర్,
బానోతు హీరాలాల్

తా.క. బిల్లు వెనకాల ఆ ముక్క తీసేద్దామనుకున్న. గోరి వద్దన్నది, "ఉత్తరాలు రాసేటోళ్ళు మల్ల రాకపోతే ఎట్ల?" అన్నది. అందుకే ఉంచిన. బస్సుల ఇంకో సీసా పంపుతున్న. చీటీ అంటిచ్చిన: "తాగుటకు మాత్రమే. పొద్దున 7 చుక్కలు." ఏడుకు నడుము మీద గీత కొట్టిన, ఒకటి అనుకుంటరేమోనని.